ఊట ఎవరిది?

మన్యంలో చాలా ఊళ్లు నీటిని చూసుకొని వెలిసినవే. కొండవాలున ఊట, దాని కింద గెడ్డ, గెడ్డ వెంట మెట్లు మెట్లుగా వరి మడులు. ఏ వాలున ఎండాకాలంలోనూ నీరు ఆగదో, పై మడి నిండాక కింది మడికి ఎక్కడ గండి పెట్టాలో మన పెద్దలు తరతరాలుగా చూసి నేర్చుకున్నారు. ఊట దగ్గర చెట్టు కొట్టకూడదనే కట్టుబాటు కూడా అలా చూసి పెట్టుకున్నదే.

దీన్ని బయటివారు ‘నమ్మకం’ అంటారు. ఇదే సంగతి ప్రభుత్వ పథకంలోకి ఎక్కితే ‘పరీవాహక ప్రాంత సంరక్షణ’ అవుతుంది. పేరు మారగానే విలువ పెరగడం న్యాయమేనా?

గాలికొండ, రక్తకొండ వంటి మన కొండల్లో బాక్సైట్ ఉంది. కంపెనీలకు అది అల్యూమినియం. మనకు ఆ కొండ నీళ్ల గాదె. కురిసిన వానను లోపల దాచుకొని, ఎండాకాలం దాకా కొద్దికొద్దిగా వదులుతుంది. కొండ నెత్తిన తవ్వితే ఆ గాదెకు చిల్లు పడుతుందన్నదే మన భయం. ఈ భయం మన ఒక్కరిదే కాకూడదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని మీదే తాటిపూడి జలాశయం ఉంది. అక్కడి నీళ్లు విశాఖపట్నం తాగుతోంది.

అలాగని, పైన ఉన్నాం కాబట్టి నీరంతా మనదేనని అనవచ్చా? మన మడుల పద్ధతి దానికి ఒప్పుకోదు. పై మడివాడు గండి పూడ్చేస్తే కింది మడి ఎండిపోతుంది. అందుకే పైనున్నవాడికి హక్కు కంటే బాధ్యత ఎక్కువ. మనం ఊటకు కాపలాదారులం. ఊట మనదని పట్టా రాసుకోకపోయినా, మనల్ని అడగకుండా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తెలిసినవాడి మాట విని, నిర్ణయం మాత్రం వేరేచోట తీసుకుంటే అది గౌరవం అనిపించుకోదు.

చట్టం ఈ మాటను కొంత ఒప్పుకుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. నీటి వనరులను, పరీవాహక ప్రాంతాలను కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఒడిశాలోని నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం గురించి సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో గ్రామసభలు జరిగాయి. 12 ఊళ్లూ వద్దన్నాయి. అక్కడ డోంగ్రియా కోందులు తమకు తెలిసిన కొండ గురించి తామే మాట్లాడారు.

అలా మాట్లాడాలంటే ముందు తెలిసి ఉండాలి. యువకులు పెద్దల వెంట కొండెక్కి ఒక్కో ఊటనూ చూడాలి. ఉపాధ్యాయులు పిల్లలతో ఊరి నీళ్ల పటం గీయించాలి. ఊట పేరును ఇంట్లో మాట్లాడే భాషలోనే, అది కువి అయినా ఆదివాసీ ఒడియా అయినా, రాయించాలి. ఏ నెలలో ఎంత పారుతుందో పక్కనే రాయాలి. ఆ పటాన్ని గ్రామసభ ముందు పెట్టి తీర్మానంలో చేర్పించాలి. రేపు ఎవరైనా మన కొండ గురించి అడగడానికి వస్తే, మన చేతిలో మన లెక్క ఉండాలి.