ప్రమాదము – అపరాధము

ప్రమాదమను మాటను మనమిప్పుడు ఆపద యను నర్థమున వాడుచున్నాము. రైలు పట్టాలు తప్పినను, బస్సు లోయలో పడినను, ప్రమాదము జరిగినదని పత్రికలవారు వ్రాయుదురు. చదివినవారు విధి యని నిట్టూర్తురు. 2002వ సంవత్సరము మార్చి 3వ తేదీన లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు భీమవరమునుండి ఎక్కిన హెలికాప్టరు కైకలూరు దాపున కొవ్వాడలంకవద్ద చేపల చెఱువులో కూలి వారు మరణించిననాడు, మా చింతలపూడి అరుగులమీద మేము వినిన మాటయు అదియే: వ్రాసిపెట్టి యున్నది, తప్పునా? అని. కాని సంస్కృతమున ప్రమాదశబ్దమునకు మొదటి యర్థము ఏమఱుపాటు. అది జరిగిన కీడునకు పేరు కాదు, కీడునకు కారణమైన మనస్థితికి పేరు. తెలుగున ఆ కారణము జాఱిపోయి కీడు మాత్రము మిగిలినది. ఏమఱుపాటువలన ప్రాణములు పోయినచో ఏమఱినవాడు అపరాధి యగునా యని విచారింపబూనిన మాకు, ఈ అర్థభేదమే మొదట అడ్డుతగిలినది.

2009వ సంవత్సరము మార్చి 20వ తేదీ రాత్రి ఎమిరేట్స్ వారి విమానమొకటి మెల్బోర్న్ నగరమునుండి దుబాయికి బయలుదేఱెను. అందు 275 మంది యుండిరి. దాని బరువు 362.9 టన్నులు. బయలుదేఱుటకు ముందు ఆ సంఖ్యను గణకయంత్రమున ఎక్కించుచు వైమానికుడు 262.9 అని యెక్కించెను. మూడునకు బదులు రెండు, తప్పు అంతమాత్రమే.

విమానము నేల విడుచుటకు వలయు లెక్కలన్నియు బరువును ఆశ్రయించి యుండును. ఇంజనులకు ఎంత బలమీయవలెను, ఏ వేగము దాటిన పిమ్మట ఆగుటకు యత్నింపరాదు, ఏ వేగమున ముక్కెత్తవలెను, ఇవి యన్నియు దానినుండియే పుట్టును. ఇంజనులు త్వరగా అరగిపోకుండుటకై, బరువును గాలిని వేడిని బట్టి అవసరమైనంత బలమునే వాడుట వైమానికుల ఆచారము. కావున నూఱు టన్నులు తక్కువగా వినిన యంత్రము ఆ తక్కువ బరువునకు చాలినంత బలమునే విధించెను. యంత్రము చేసిన లెక్కలో దోషము లేదు. దానికి అందిన సంఖ్యయే దుష్టము. ముక్కెత్తినను విమానము లేవలేదు. తోక నేలకు రాచుకొనెను. చివరి క్షణమున కెప్టెను పూర్తిబలము నీయగా, రన్‌వే దాటినపిదప గాని అది లేవలేదు. అచ్చటి సంకేతసాధనములను తాకుచు పైకెగసెను. ఇంధనమును పాఱబోసికొని తిరిగివచ్చి దిగెను. ప్రాణహాని జరుగలేదు.

మామిడికాపు దినములలో నూజివీడు దారిని లారీలు బారులు తీరి పోవుట మేము చూచుచుందుము. మోయదగినదానికి మించి కాయ యెత్తినచో, కాటా చీటీ ఏమి చెప్పినను డ్రైవరు నమ్మడు. కమానుకట్టలు క్రుంగుట చూచును. మెరక యెక్కునప్పుడు ఇంజను మూలుగు వినును. విమానమున నలుగురు వైమానికులుండియు ఒక్కనికిని ఈపాటి తెలివి లేకపోయెనా యని మేమును మొదట ఈసడించితిమి. ఆ మాట తొందరపాటని పిదప తెలిసినది. నేడు తేలిక, రేపు బరువు. నేడు ఎక్కువ బలము, రేపు తక్కువ బలము. ఇట్లు దినమునకొక తీరుగా నడుచు పనిలో, ఇది మామూలు వేగమను కొలత దేహమునకు అలవడదు. విచారణాధికారులును ఇట్లే నిర్ణయించిరి. ఇక మిగిలినది సరిచూచుట. ఒకడు తప్పుగా ఎక్కించినదానిని మఱియొకడు అచ్చటనే చూచి సరియనుట సరిచూచుట కాదు. ఒకే సాక్షిని రెండు మాఱులు పిలిచినచో ఇద్దరు సాక్షులగుదురా?

2004వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కెనడాలోని హాలిఫాక్సునందు ఇట్టి తప్పే ఏడుగురిని బలిగొనెను. ఎం.కె. ఎయిర్‌లైన్స్ వారి సరుకుల విమానమునకు, అంతకుముందటి ప్రయాణపు బరువే లెక్కలోనికి వచ్చినదని విచారణ తేల్చెను. తోక మట్టికట్టకు తగిలి విఱిగిపోయెను. ఆ సిబ్బంది అప్పటికి సుమారు 19 గంటలుగా పనిలో నుండిరి. ఈ తప్పు అలసిన కన్నులదా, అన్ని గంటలు పని విధించినవారిదా? 1993వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన, ఒకప్పటి నిజాము రాజ్యములోని ఔరంగాబాదున, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము రన్‌వే చివరిబాటపై పోవుచున్న ప్రత్తిబేళ్ల లారీకి తగిలి కూలెను. 118 మందిలో 55 మంది చనిపోయిరి. ముక్కెత్తుటలో ఆలస్యము వైమానికునిదే. కాని విమానము లేచు వేళ ఆ బాటపై బండ్లను ఆపనివారి లోపమును విచారణ విడిచిపెట్టలేదు.

ధర్మశాస్త్రకారులు తెలిసి చేసిన పాపమును, తెలియక చేసిన పాపమును వేఱుపఱచి ప్రాయశ్చిత్తములను వేఱువేఱుగా విధించిరి. అది మంచి విభాగమే గాని మా ప్రశ్నకు చాలదు. మెల్బోర్న్ వైమానికులిరువురు పిదప ఉద్యోగము వదలుకొనిరి. దానివలన లోకమునకు తృప్తి కలిగియుండవచ్చును. మఱునాడు ఇంకొకని వ్రేలు రెండుమీద పడకుండునని మాత్రము ఎవరనగలరు? పైగా తప్పు ఒప్పుకొన్నచో కూడు పోవునని తెలిసినవాడు రేపు తన తప్పును దాచుకొనును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట ఈ తర్కము చేయ మాకును నోరు రాదు. అయినను వ్రేలు తప్పుట పాపమని మేమనజాలము. వ్రేలు తప్పునని యెఱిగియు దానిని పట్టుకొను ఉపాయము చేయకుండుట పాపము. చెప్పవచ్చినవాని నోరు మూయుట అంతకంటె పాపము. 2010వ సంవత్సరము మే 22వ తేదీన మంగళూరున దిగబోవు విమానమును మరల పైకి లేపుడని సహవైమానికుడు ముమ్మాఱు చెప్పెను. కెప్టెను వినలేదు, 158 మంది మరణించిరి.

పెద్దలకు ఎదురుచెప్పకుండుటను మన యిండ్లలో సుగుణముగా నేర్పుచున్నాము. ఆ నేర్పు మాచేతను సాగినది; అందుకే ఇది వ్రాయుచున్నాము. లెక్కల మాస్టరు గారు సెలవుమీద నుండగా మేమొకనాడు వడ్డీలెక్క చేయించుచు బల్లమీద అసలును తప్పుగా ఎక్కించితిమి. తరగతి యంతయు తప్పు జవాబునే వ్రాసికొనెను. మఱునాడు పుస్తకములు దిద్దుచుండగా ఒక బాలిక పుస్తకమున సరియైన జవాబు రబ్బరుతో చెఱిపి, దానిపై మా తప్పును వ్రాసియుండుట కనబడెను. ఏలమ్మా చెఱిపితివని యడిగితిమి. "మాస్టారు వ్రాసినది కాదనకూడదు కదండీ" అనెను.

అది మొదలు మేము బల్లమీద లెక్క చేసినప్పుడెల్ల, ఒక విద్యార్థిని వెనుకకు తిరిగి కూర్చుండబెట్టి, పుస్తకములోని ప్రశ్ననుండియే వేఱుగా చేయించుచున్నాము. మొదటి వారము ఎవరును మాతో భేదింపలేదు. రెండవవారమున ఒకడు భేదించెను, తప్పు వానిదే. వానిని కోపపడకుండుటకు మాకు కొంత ప్రయాస పట్టినది. తోడి యుపాధ్యాయులొకరు, పెద్దవారు, ఇట్లయిన పిల్లలకు భయము పోవునండీ అని హెచ్చరించుచున్నారు. పోవుచునే యున్నది. గతమాసమున ఆ బాలికయే మా సంస్కృతశ్లోకమున విభక్తి తప్పు పట్టినది.