పైకి తేలుట యెవరి గొప్పతనము?

నూతిలో నీళ్లు తోడువారికెల్ల తెలిసిన విషయమొకటి కలదు. నిండిన చేద నీటిలో నున్నంతవఱకు తేలికగా తోచును; నీటిని దాటి పైకి రాగానే చేంత్రాడు అరచేతిని కోయును. చేద బరువు మాఱలేదు. అంతవఱకు దానిని మోసిన నీరు విడిచిపెట్టినది.

నిప్పునకును గాలికిని పైకిపోవు గుణము స్వభావసిద్ధమని పూర్వము గ్రీసుదేశమున అరిస్టాటిలు తలచెను. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున సిరక్యూసు పట్టణవాసియగు ఆర్కిమిడీసు నీటి న్యాయమును కనుగొనెను. మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగించునో, ఆ నీటి బరువుతో సమానమైన బలముతో నీరు దానిని పైకి నెట్టును. లోతు హెచ్చినకొలది ఒత్తిడి హెచ్చుటయే దీనికి కారణము. ఇనుపమేకు మునుగును, ఆ యినుమునే రేకులుగా సాగగొట్టి బోలుగా కట్టిన యోడ తేలును.

గాలియందును ఇదియే న్యాయము. 1783వ సంవత్సరము జూను 4వ తేదీన ఫ్రాన్సులోని అనోనే పట్టణమున మోంగోల్ఫియే సోదరులు గడ్డియు ఉన్నియు కాల్చి, ఆ వేడితో పెద్ద సంచి నొకదానిని ఆకాశమున కెగురవేసిరి. పొగలో నేదో విశేషగుణము కలదని వారు నమ్మిరి. నిజమునకు వేడిచే లోపలిగాలి వ్యాకోచించి తేలికయయ్యెను. చుట్టునున్న బరువుగాలి దానిని పైకి నెట్టెను. గాలిలేని చంద్రునిపై ఆ సంచియే ఱాయివలె క్రిందబడును.

మనుష్యుల విషయమున మాత్రము మన మింకను పాత మతమునే పట్టుకొనియున్నాము. ఒకడు పైకి వచ్చినచో పుట్టుక గొప్పదందుము; వేఱొకడు అడుగంటినచో వాని కర్మమందుము. అప్పుచేసి జీతము కట్టిన తండ్రియు, తాను బడి మానుకొని తమ్ముని చదువునకు తోడ్పడిన అక్కయు, తెల్లవాఱకముందే ఆ యింట అంట్లు తోమిన పనిమనిషియు మన లెక్కలోనికి రారు. నెట్టు నీరు కంటికి కనబడదు గదా!

అట్లయిన స్వప్రయత్నము వ్యర్థమాయని కొందఱడుగవచ్చును. కాదు. ఓడకు చిల్లిపడినచో సముద్రమంత నీరున్నను మునుగును. అయినను ఏ యినుమును తనంతట తాను ఓడ కాలేదు. సుత్తి పట్టినవారు వేఱుగా నుండిరి. ఉపమానము ఋజువు కానేరదు. కాని మనము విచారింపదగిన ప్రశ్నను అది చూపుచున్నది.

చదువరులారా! మునిగినవానిని చూచినప్పుడు వాని బరువును మాత్రమే తూచకుడు. వానిని మలచుటకు మన మెన్నడైన సుత్తి పట్టితిమా? ఈ ప్రశ్నను మన యింటి పనిమనిషి కూతురి విషయమున నేడే వేసికొందము.