దిగితేనే దొరికే నీళ్లు

చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే మన పాలమూరు జనం నల్లమల బాట పడతారు. కొత్తకోట నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి పోతే, శివుణ్ణి లింగమయ్యగా కొలిచే సలేశ్వరం జాతర. అమ్రాబాద్ పులుల అడవిలో ఉన్న ఆ చోటికి ఏడాదిలో జాతర జరిగే ఆ కొద్ది రోజులే దారి ఇస్తారు.

ఎండ ముదరకముందే, తెలతెలవారే వేళకే నడక మొదలవ్వాలి. రాళ్ల దారి, పక్కనే లోయ. పోయేవాళ్లు ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటారు, తిరిగొచ్చేవాళ్లు ‘పోతున్నాం లింగమయ్యా’ అంటారు. ఇరుకు చోట ఒకరు ఆగితేనే మరొకరికి దారి. ముసలమ్మకు చెయ్యి అందించేవాడు ఏ ఊరివాడో ఎవరూ అడగరు.

చివరికి లోయ అడుగున, కొండ మీంచి గుండంలోకి దూకే నీళ్లు. ఆ పక్క గుహలో, ఆ అడవిలోనే బతికే చెంచులు పూజలు చేసే లింగమయ్య. ఊళ్లో చెరువులు అడుగంటే కాలంలో అక్కడ జలధార!

చాలా కొండల్లో దేవుణ్ణి చూడాలంటే పైకెక్కాలి. ఇక్కడ మాత్రం కిందికి దిగాలి. నీళ్లెప్పుడూ పల్లానికే చేరతాయి. మనసు కూడా అంతే. కాస్త దిగితేనే తడి తగులుతుంది. ఈ రోజు ఎదురొచ్చిన ఒక్కరికైనా పక్కకు తప్పుకొని దారి ఇద్దాం.