ఖైదీకి ఒక్క రోజు

16వ శతాబ్దంలో ఈజిప్టు యూదులకు పెద్దదిక్కు రబ్బీ డేవిడ్ ఇబ్న్ జిమ్రా. ఆయన ముందుకు ఒక ఖైదీ సంగతి వచ్చింది. ఏడాదికి ఒక్కరోజు, తను కోరుకున్న రోజున, బయటికెళ్లి తనవాళ్లతో కలిసి ప్రార్థన చేసుకోవచ్చని అధికారి దయతలిచాడు. ఏ రోజు అడగాలి?

యోమ్ కిప్పూర్ అనేస్తాం మనమైతే. ఆ రోజంతా ఉపవాసముండి, చేసిన తప్పులు దేవుడి ముందు ఒప్పుకుంటారు. ఖైదీకి అంతకన్నా ఏం కావాలి! రబ్బీ అలా అనలేదు. పెద్ద పండగ కోసం ఆగొద్దు, జైల్లో కుదరని ఆచరణ ఏది ముందొస్తే ఆ రోజే వెళ్లమన్నారు, అది మామూలు రోజైనా సరే. సంప్రదాయం ప్రకారం సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లుండాలి మరి. ఒంటరి కొట్లో పదిమంది ఎక్కణ్ణుంచి వస్తారు?

ఇక తప్పులు ఒప్పుకోవడం సంగతికొస్తే, అదే ఈజిప్టులో, 12వ శతాబ్దంలో, యూదు పండితుడు మైమోనిడీస్ పశ్చాత్తాపానికి గట్టి పరీక్షే పెట్టారు. అదే తప్పుకు మళ్లీ వీలు చిక్కి, ఒంట్లో శక్తి ఉండి కూడా మానుకున్నవాడిదే పూర్తి పశ్చాత్తాపమన్నారు. తాళం లోపలున్న దొంగకు ఆ వీలేది? అయినా, కోపానికీ అబద్ధానికీ జైల్లో కొరతేం లేదులెండి.

ఇంకో చిక్కుంది. సాటిమనిషికి చేసిన అన్యాయం ఉపవాసంతో పోదు. కాజేసింది తిరిగిచ్చి, అతణ్ణి బతిమాలి క్షమాపణ పొందాలి. లోపలున్నవాడు ఉత్తరం రాయగలడు. విప్పి చదవడం, చదవకపోవడం అవతలివాళ్ల ఇష్టం.