ఆఖరి పెట్టె

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే పరుగెత్తే తొమ్మిదిమంది ఉండేవారు. ఆబిడ్స్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే పెద్దమనిషి, జగదీశ్ మార్కెట్లో ఫోన్లు బాగుచేసే కుర్రాడు, ఒక టీచరమ్మ, ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఒకాయన, లెక్కలు రాసే ఇంకొకాయన, తక్కిన నలుగురూ అలాంటివాళ్లే. చదును దారి మీద అందరూ బాగానే పరుగెత్తేవారు. బ్యాంకాయన్ని తక్కినవాళ్లు కెప్టెన్ అని పిలిచేవారు. ఆయన వద్దనేవాడు కాదు.

ఒక వానాకాలం కెప్టెన్ మనసు అనంతగిరి మీద పడింది. నాంపల్లిలో రైలెక్కితే వికారాబాద్. అక్కణ్ణుంచి ఆటోలో అడవి అంచుకు. మూసీ పుట్టిన ఆ కొండల్లో కాలిబాట పట్టుకుని ఎక్కుతూ దిగుతూ అనంతపద్మనాభస్వామి గుడి దగ్గరికి చేరాలి. ఏ కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో పరుగెత్తాలో, ఫొటో ఎక్కడ దిగాలో, గుడి దగ్గరికి ఇడ్లీలు ఎవరు తేవాలో, అన్నీ రంగురంగుల గడుల్లో రాసి మూడు వారాలు కూర్చుని ప్లాను వేశాడు. ప్రెస్సాయన దాన్ని దళసరి కాగితం మీద అచ్చేసి, వాన పడినా తడవకుండా ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించాడు.

శుక్రవారం సాయంత్రం స్టేషను దగ్గరి ఇరానీ హోటల్లో ఆ కాగితం చేతులు మారుతోంది. పక్క టేబులు మీద ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటున్న ముసలాయన చెయ్యి చాచాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఆ ఉద్యోగానికి 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, ఆ హోటల్లో మాత్రం ఆయన ఇప్పటికీ గార్డు సాబే.

"జర జూడొచ్చా బేటా?"

కళ్లద్దాలు సర్దుకుని పై నుంచి కింది దాకా చదివాడు.

"శాన మంచిగ రాసిన్రు. ఇంజనెవలో ఎరుకైంది. ఆఖరి పెట్టె ఎవలు?"

"మా దాంట్ల డబ్బాలుండయి గార్డు సాబ్, మనుషులే ఉంటరు," అన్నాడు ఫోన్ల కుర్రాడు. అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వి, చాయ్ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఆదివారం తెల్లారేసరికి అనంతగిరిలో రాత్రి కురిసిన వాన ఇంకా ఆకుల మీదే ఉంది. ఎర్రమట్టి బాట. మొదటి కొంతసేపు హుషారుగా సాగింది. తర్వాతి ఎక్కుడులో ప్రెస్సాయన కాలు ఒక రాయి మీద మడత పడింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. కుంటడం టీచరమ్మ చూసింది. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఊరుకుంది. లెక్కలాయన సీసాలో నీళ్లైపోయాయి. ముందు పరుగెత్తుతున్న కుర్రాడికి పడమట నల్లగా కమ్ముకొస్తున్న మబ్బు కనబడింది. పెద్దోళ్లుండగ నేనెట్ల జెప్త అనుకున్నాడు. కెప్టెన్‌కే ఊపిరి అందడం లేదు. కానీ ఇడ్లీలకు డబ్బులు కట్టి ఉన్నాడు, అందరి దగ్గరా చందా వసూలు చేసి ఉన్నాడు.

మలుపులో పెద్ద బండ ఒకటి ఉంది. అక్కడ నిమిషం ఆగారు.

"అందరూ ఓకేనా?" అన్నాడు కెప్టెన్.

"ఓకే," అన్నారు అందరూ.

బండ దాటిన కాసేపటికే వాన దంచింది. బాట రెండుగా చీలిన చోట ముందున్న నలుగురు కుడికి తిరిగారు. వాళ్ల మాటలు వింటూ ముగ్గురు వెనకే పోయారు. కుంటుతున్న ప్రెస్సాయనా, ఆయన్ని వదల్లేక వెనకబడ్డ టీచరమ్మా అక్కడికి చేరేసరికి వానచప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. వాళ్లు ఎడమకు తిరిగారు.

గుడి దగ్గర లెక్కపెట్టుకుంటే ఏడుగురే. ఫోన్లలో సిగ్నలు లేదు. ఇడ్లీలు చల్లారిపోయాయి. చాలాసేపటికి ఒక మేకలకాపరి తన గొంగడి టీచరమ్మకు కప్పి, ప్రెస్సాయనకు భుజం ఆసరా ఇచ్చి రోడ్డు మీదికి తీసుకొచ్చాడు. "గీళ్లు మీవోళ్లేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మేకల కోసం వెనక్కి పోయాడు.

తిరుగు రైల్లో మొదట నోరు విప్పింది ప్రెస్సాయన. "ఆ బండకాడనే మళ్లి పోదామనుకున్న. మీ టైమింగు ఖరాబైతదని చెప్పలే." నేనూ అక్కడే అనుకున్నానంది టీచరమ్మ. లెక్కలాయన కూడా అంతే. కుర్రాడూ అంతే. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఆ బండ పేరే చెప్పారు. శంకర్‌పల్లి దాటింది, లింగంపల్లి దాటింది, అప్పుడు కెప్టెన్ కిటికీలోంచి చూస్తూ "నేను కూడా" అన్నాడు. తొమ్మిదిమందికీ దిగిపోవాలనిపించిన చోటు నుంచే తొమ్మిదిమందీ పైకెక్కారన్నమాట.

మర్నాడు గార్డు సాబ్‌ను వెతుక్కుంటూ వెళ్లారు. ఆయన ఏమీ అడక్కుండా వాళ్లను ప్లాట్‌ఫాం మీదికి నడిపించాడు. 1907 నాటి ఆ స్టేషన్లో పట్టాలు ఊరివైపు వచ్చి ఆగిపోతాయి. వచ్చిన బండి ఇంజను ఇటు, తోక అటు చివర. ప్లాట్‌ఫాం పొడవునా నడిపించి ఆఖరి పెట్టె వెనక నిలబెట్టాడు. దాని మీద పెద్ద ఇంటూ గుర్తు, పక్కనే తగిలించిన చిన్న బోర్డు.

"ఇంజను కనబడ్డదని బండొచ్చినట్టు గాదు. తొవ్వల స్టేషన్లోళ్లు గీ గుర్తు కోసం జూస్తరు. ఇది కనబడితేనే బండి మొత్తం దాటినట్టు లెక్క. నడుమ తెగి నాలుగు పెట్టెలు అడివిల నిలబడితే ముందటున్న డ్రైవరుకేమెరుక?" కాసేపాగి, "గార్డు పెట్టెల బ్రేకు గూడ ఉంటది. నేను గుంజితే బండాగుతది. ఎందుకు గుంజినవని తర్వాత అడుగుతరు, రాసుకుంటరు. డ్రైవరు అలుగడు. నాకు నామోషి లేదు," అన్నాడు.

"అయితే నడవలేనోళ్లను ఆఖర్ల పెట్టాల్నా?" కెప్టెన్ అడిగాడు.

"నడవలేనోన్ని గార్డు జేస్తరా ఎవలన్న? పోటుగాన్ని పెట్టు."

వానలు వెనకబట్టాక మళ్లీ బయల్దేరారు. ఈసారి కాగితం చిన్నది. ఆఖర్న ఫోన్ల కుర్రాడు. ఎనిమిదిన్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. వెనక ఈల మోగితే ముందువాళ్లు ఎందుకని అడక్కుండా ఆగాలి. అంతే.

ఎనిమిదిన్నరకు ఈల మోగింది. చెట్ల సందుల్లోంచి గుడి కనబడుతూనే ఉంది. కెప్టెన్ మొహం కందగడ్డయింది. ఇంకా పది నిమిషాలే కదా అన్నారు ఇద్దరు. కుర్రాడు మళ్లీ ఊదాడు. తిరిగారు.

ఆ రోజు వాన రాలేదు. ఎండ మహా చక్కగా కాసింది. రైల్లో కెప్టెన్ ఉండబట్టలేక, "వాన రానేలేదు," అన్నాడు.

"రాలేదు సార్," అని కుర్రాడు ఇంకో ఇడ్లీ తీసుకున్నాడు.

నీతి: ఆగుదామనే మాట కొండ మీద ఎవరి నోటా రాదు. ఆ మాట ఎవరు అనాలో, ఎన్నింటికి అనాలో ఊళ్లో ఉండగానే రాసిపెట్టుకోవాలి. అనే అధికారం వెనక వచ్చేవాడికి ఇవ్వాలి.

కథలో కెప్టెన్ చెడ్డవాడు కాడు, తక్కినవాళ్లు పిరికివాళ్లూ కారు. వాళ్లను తడిపింది వాన, తప్పిపోయేలా చేసింది మాత్రం మొహమాటం. "అందరూ ఓకేనా" అన్న ప్రశ్నకు మన ఇళ్లలో ఒక్కటే జవాబుంటుంది. అందుకే అలా అడగకూడదు. సీసాలో నీళ్లెన్ని ఉన్నాయో చూపించమనాలి, బూటు విప్పి కాలు చూపించమనాలి. కంటితో చూసేదాని దగ్గర మర్యాద అడ్డం రాదు.

నోరు విప్పలేని గుంపు ఎక్కడిదాకా పోతుందో హైదరాబాదుకు రెండు వందల ఏళ్ల కిందటే తెలుసు. 1819లో ఇక్కడి నుంచి ఒక సర్వే బృందం కృష్ణా గోదావరుల మధ్య అడవులకు వెళ్లింది. దేశాన్నంతా త్రిభుజాలుగా కొలుస్తున్న విలియం లాంబ్టన్ తన కొత్త సహాయకుణ్ణి పంపాడు, వానాకాలంలో. మధ్యలో ఎదురుతిరిగిన కాపలా సిపాయిలకు ఆ సహాయకుడు కొరడా దెబ్బలు వేయించాడు. ఆ తర్వాత ఎవరు నోరెత్తుతారు? యెల్లాపురం అడవుల్లో జ్వరాలు పట్టుకున్నాయి. దాదాపు నూటయాభైమంది పడిపోయారు. వాళ్లను తేవడానికి హైదరాబాదు నుంచి ఏనుగులూ డోలీలూ పంపాల్సి వచ్చింది. పదిహేనుమంది దారిలోనే పోయారు. సహాయకుడు బతికి, ఒళ్లు బాగుచేసుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు ఓడెక్కాడు. అతని పేరు జార్జ్ ఎవరెస్ట్. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఆ పేరు పెట్టారు, తనకే ఇష్టం లేదని అతను చెప్పినా. డోలీ మోసినవాళ్ల పేర్లు ఏ గుట్టకూ పెట్టలేదు.

వెనకవాడికి బ్రేకు ఇస్తే సరిపోతుందా అంటే, ముందువాళ్లు ఈల వినబడేంత దగ్గర్లో ఉంటేనే. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగులో 172 మంది బయల్దేరితే, గాలివాన, చలి కలిసి 21 మందిని తీసుకుపోయాయి. అందులో అందరికన్నా ముందుండే మేటి పరుగువీరుడు లియాంగ్ జింగ్ కూడా ఉన్నాడు. కింద ఉన్న చాలామంది వెనక్కి తిరిగి బతికారు. ముందున్నవాళ్లు వాహనం చేరలేని ఎత్తుకు ఎక్కేశారు. అక్కడ కూడా ఆరుగుర్ని కాపాడింది ఒక గొర్రెలకాపరే. గాలికి ఆగే చొక్కా తప్పనిసరిగా తెచ్చుకోవాలని నిర్వాహకులు నియమం పెట్టలేదు. మన కెప్టెన్ ఇడ్లీలకు గడి పెట్టాడుగానీ వానకోటుకు పెట్టలేదు. గడులు వేసేవాళ్లందరిదీ ఇదే తీరు.

ఎనిమిదిన్నర అనే అంకె ఎలా వస్తుందని అడగొచ్చు. పబ్లిక్ గార్డెన్స్ వేగంతో కొండను కొలవకూడదు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు కొండలాయన నడిచేవాళ్ల కోసం ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. పరుగెత్తేవాళ్లు దాన్ని తగ్గించుకోవచ్చుగానీ, ఎక్కుడుకు విడిగా టైము కట్టడం మాత్రం మానకూడదు. తడి ఎర్రమట్టి మీద దిగుడుకూ కట్టాలి. దిగేటప్పుడే కాళ్లు జారేది. ఆ లెక్కను గుంపులో నెమ్మదైనవాడి నడకతో వేసి, ఆపద వస్తే మోసుకు రావడానికి వెలుగు మిగిలేలా చూస్తే, తిరగాల్సిన గంట దానంతటదే తేలుతుంది. ఆ కాగితం నకలు ఒకటి ఊళ్లో ఉన్న ఎవరి చేతిలోనైనా పెట్టి పోవాలి. ఈల సంగతి: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదితే ఆపదలో ఉన్నామని చాలా దేశాల్లో కొండలెక్కేవాళ్లు గుర్తుపడతారు. మామూలుగా ఆగమనడానికి ఒక్కసారి ఊదితే చాలు, రెండూ కలిపేయకూడదు.

అనంతగిరిలో కాళ్లు తిరిగాక ప్రతి కెప్టెనూ నల్లమల అంటాడు. నల్లమలలో గుంపు ప్రయాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం వైపు నుంచి అడవిలో దిగి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరతారు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఆ నడకదారిలో మజిలీలున్నాయి, అన్నదానాలుంటాయి. మజిలీ వచ్చిందంటే గట్టివాడూ కూర్చుంటాడు, కుంటేవాడూ కూర్చుంటాడు. నా వల్ల కాదని ఎవరూ చెప్పుకోనక్కర్లేదు. పరుగువాళ్లు తమ దారిలో అలాంటి చోట్లు ముందే గుర్తుపెట్టుకోవచ్చు.

కాకపోతే మన వైపు అంచున ఉన్నది అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. సలేశ్వరం లోయ కూడా చైత్ర పౌర్ణమి జాతరకు కొద్దిరోజులే తెరుస్తారు. ఆ వైపు ప్లాను వేసేవాళ్లు మొదటి గడి అటవీశాఖ అనుమతికి వదలాలి. అది నిండకపోతే ఇడ్లీలకు ఆర్డరు ఇవ్వొద్దు.