సెకను బాకీ ఎవరు తీర్చవలెను?

దినమునకు సూర్యుడే ప్రమాణమని లోకము చిరకాలము నమ్మినది. 1967లో ఆ అధికారము సీజియము పరమాణువునకు సంక్రమించినది: దాని వికిరణము 9,19,26,31,770 మారులు కంపించు కాలమే ఒక సెకను.

ఈ కొలతకు భూమి లొంగదు. చంద్రాకర్షణచే లేచు సముద్రపు పోటుపాటుల వలన దాని భ్రమణము యుగయుగములుగా మందగించుచున్నది. అందుచే 1972 మొదలు 2016 డిసెంబరు 31 వరకు 27 మారులు గడియారములకు ఒక్కొక్క సెకను చేర్చిరి. 2012లో చేర్చిన సెకనుకు కొన్ని కంప్యూటరు వ్యవస్థలు స్తంభించినవి. కావున 2022 నవంబరున వర్సేల్స్‌లో కూడిన తూనికలు కొలతల మహాసభ, 2035 లోపల సూర్యునికి గడియారమునకు గల అంతరపు హద్దును పెంచవలెనని, కనీసము నూరేండ్లు దిద్దుబాటు అక్కఱ రాకూడదని తీర్మానించినది.

ఇది సూర్యునికి ద్రోహమని కొందఱు వగచుట నాకు సమంజసముగా తోచదు. హైదరాబాదున సూర్యుడు మన ప్రామాణిక మధ్యాహ్నమునకు సగటున 16 నిమిషములు వెనుకగానే నడినెత్తికి వచ్చును. దానివలన ఎవరి పైరును చెడలేదు.

నా శంక వేఱు. సెకనుకే తడబడిన యంత్రములు, నూరేండ్లుగా సవరణ యెఱుగని వారి చేతులలో, నిమిషమంత సవరణను ఎట్లు భరించును? మన సౌకర్యము కొఱకు మునిమనుమల పేర అప్పు వ్రాయుట ధర్మమగునా? వాయిదా తప్పుగాదు, కాని ఆ బాకీ తీర్చు విధమును కూడ మనమే, తీర్మానము అమలగుటకు ముందే, వ్రాసి యుంచవలెను.