ఇద్దరి ఆటలో మూడో చెయ్యి

రమ్మీ నియమాలు చెప్పడానికి అరగంట చాలు. తలా పదమూడు ముక్కలు పంచాలి, ఒక ముక్క తిప్పి జోకరు ఏదో తేల్చుకోవాలి, వంతు వచ్చినప్పుడల్లా ఒకటి తీసుకుని ఒకటి పారేయాలి. జోకరు సాయం లేకుండా ఒక వరస కట్టాలి; లైఫ్ అనేది దాన్నే. రెండో వరసకు జోకరు వాడుకోవచ్చు. మిగిలినవి కూడా వరసలుగానో ఒకే అంకె ముక్కలుగానో కుదిరితే షో. ఇంతవరకు తెలిసినంత మాత్రాన ఆట వచ్చినట్టు ఎవరూ ఒప్పుకోరు. ఆ తర్వాత నేర్చుకోవాల్సింది లెక్క, జ్ఞాపకశక్తి అంటారు. అవి కావాల్సిందే. కానీ ఇద్దరే ఆడే రమ్మీలో వాటికంటే ముందు పట్టుబడాల్సింది ఇంకొకటి ఉందని నా నమ్మకం. నియమం అంటే ఎదుట కూర్చున్న మనిషికి మనం ఇచ్చిన మాట. ఆ మాట ఇద్దరి మధ్య ఉన్నంతసేపే అది ఆట.

ఆరుగురు కూర్చుని రెండు పేకలు కలిపి ఆడేటప్పుడు ఈ సంగతి అంతగా కనిపించదు. మనం పారేసిన ముక్క మన పక్కవారికే పనికొస్తుంది, అనుమానం అయిదుగురి మీదికి చెదిరిపోతుంది. ఇద్దరే అయితే దాచుకునే చోటు లేదు. అచ్చు జోకర్లు తీసేసి 52 ముక్కలతో ఆడుతున్నామనుకోండి. పంపకం అయ్యాక మనకు తెలిసినవి చేతిలోని 13, తిప్పిన జోకరు, పైకి తెరిచిన ముక్క, మొత్తం 15. తెలియనివి 37. వాటిలో 13 అవతలి చేతిలో, 24 కట్టలో ఉంటాయి. ఇప్పుడు ఎదుటివారు మనం పారేసిన కళావర్ తొమ్మిదిని తీసుకున్నారు. జోకర్ల సంగతి పక్కన పెడితే, ఆ ఒక్క కదలికతో ఏడు ముక్కలు ప్రమాదకరమవుతాయి: కళావర్ ఏడు, ఎనిమిది, పది, జాకీ, మిగిలిన మూడు తొమ్మిదులు. వాటిలో ఏది పారేసినా వాళ్ల చేతిలో పెట్టినట్టే కావచ్చు. అంటే ప్రతి పారవేతా ఒక మాట, ప్రతి తీసుకోలూ ఒక జవాబు. ఎదుటివారి మనసును ఊహించకుండా ఇందులో ఒక్క అడుగు ముందుకు పడదు. ఊహ ఎంత దూరం వెళ్లినా చివరికి నమ్మకం మీదే ఆగుతుంది: కలిపేటప్పుడు అడుగు ముక్క చూడలేదని, ఓడినవారు చేతిలో మిగిలిన కౌంటు సరిగానే చెప్పారని.

తమిళనాడులోని మేట్టుపాళయం లాంటి ఊరివాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నీలగిరి రైలు కొండెక్కడం మొదలుపెట్టే ఆ భవానీ ఒడ్డు ఊళ్లోనూ, చుట్టుపక్కల కొంగునాటిలోనూ, విజయనగర, నాయక రాజుల కాలాల్లో వచ్చి స్థిరపడిన తెలుగువారి సంతతి ఉంది. చాలా ఇళ్లలో చదువు తమిళం, మాట తెలుగు. ఆ తెలుగును నిలబెట్టింది వ్యాకరణ పుస్తకం కాదు. మాట్లాడితే తిరిగి మాట్లాడే మనిషి, తప్పితే అక్కడికక్కడే దిద్దే పెద్దవాళ్లు. పేక నియమాలు కూడా అలాగే చేతి నుంచి చేతికి వచ్చాయి. అందుకే ఇల్లు మారితే అవీ కాస్త మారతాయి. మొదట్లోనే డ్రాప్ చేస్తే ఇరవయ్యా, మధ్యలో అయితే నలభయ్యా, ఫుల్ కౌంటు ఎనభయ్యా, రాణీ రాజుల తర్వాత ఆసు కలుస్తుందా? ముక్కలు పంచకముందే ఇద్దరూ ఒప్పుకోవాల్సిన సంగతులివి. ఆ ఒప్పుకోలే మొదటి నియమం.

ఫోనులోని యాప్ ఇంతకంటే బాగా నేర్పుతుంది కదా అని అడగవచ్చు. నియమాలను బాగానే నేర్పుతుంది. తప్పు షోను ఒప్పుకోదు, కౌంటు తనే వేస్తుంది, వంతు దాటనివ్వదు. సరిగ్గా అక్కడే చిక్కు ఉంది. తప్పడానికి వీల్లేని చోట తప్పకుండా ఉండటం మాట నిలబెట్టుకోవడం కాదు. యాప్‌లో ఆడేవాడికి నియమం గోడలాంటిది, తగిలితే ఆగిపోతాడు. ఎదుట మనిషి ఉన్నప్పుడు ఆ నియమాన్ని నిలబెట్టేది మనమే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: పేకాట కొంపలు ముంచింది, దానికి ఈ తత్వం ఎందుకని. ఈ మాటను తోసిపుచ్చడానికి నాకు నోరు రాదు. ఆన్‌లైన్ రమ్మీ అప్పులతో ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు తమిళనాడు చాలా చదివింది. 2021లో ప్రభుత్వం తెచ్చిన నిషేధాన్ని మద్రాసు హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో కొట్టేసింది. ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ నివేదిక తర్వాత మరో బిల్లు 2022లో సభ ఆమోదం పొంది 2023లో చట్టమైంది; 2023 నవంబరులో హైకోర్టు ఆ చట్టాన్ని ఉంచి, నిషేధపు జాబితాలోంచి రమ్మీని, పోకర్‌ను తప్పించింది. వాదనంతా నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. దాని మూలం మన సికింద్రాబాదులోనే ఉంది. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పడ్డ కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పిచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని జస్టిస్ హిదయతుల్లా రాశారు. ఆ తర్వాత అందరూ పట్టుకున్నది ఈ వాక్యాన్నే. కానీ అదే తీర్పు ఇంకో మాట కూడా అంది: క్లబ్బు యజమానో ఇంటి యజమానో ఆ ఆట మీద లాభం గుంజుతున్నట్టు రుజువైతే నేరం నేరమే. సభ్యుల దగ్గర వసతుల కోసం తీసుకునే మామూలు రుసుము వేరు, ఆట మీద లాభం వేరు అని కూడా చూపింది.

నా దృష్టిలో ఆ తీర్పులో ఎక్కువ వెలుగున్నది ఈ రెండో మాటలోనే. లాభం గుంజే యజమాని వస్తే ఇద్దరి మధ్య మూడో చెయ్యి దూరినట్టే. ఎవరు గెలిచినా దాని వాటా దానికి వస్తుంది, ఆట ఆగకపోవడమే దానికి కావాలి. ఓడినవారి ముఖం దానికి కనిపించదు. నియమాలు ఒక్కటీ మారవు, అదే లైఫ్, అదే షో. అయినా ఆ నియమాలు ఇక ఆ ఇద్దరివి కావు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అది సరైన దారిలో పడిన అడుగనే అనుకుంటాను. నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఆట న్యాయమైనదవుతుందన్న భ్రమకు అది తలవంచలేదు.

ఎదురెదురుగా కూర్చుని ఆడి కూడా సర్వం పోగొట్టుకున్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ధర్మరాజే ఉన్నాడు. అయితే సభాపర్వంలో పాచికలు వేసింది శకుని, పందెం ఒడ్డింది దుర్యోధనుడు. ఒకరి బదులు ఇంకొకరు ఆడటం సరికాదని ఆట మొదలవకముందే ధర్మరాజు అభ్యంతరం చెప్పాడు, చెప్పి కూడా కూర్చున్నాడు. అతని తప్పును పాచికల వ్యసనం అని మాత్రమే చదవడం నాకు చాలదనిపిస్తుంది. ఎదుట ఉన్నవాడు ఒకడు, మాటకు కట్టుబడాల్సినవాడు ఇంకొకడు అని తెలిసిన క్షణంలో లేచిపోయే హక్కు అతనికి ఉంది. ఆ హక్కును అతను వాడుకోలేదు.